చెప్పులేసుకుని ముట్టుకో

మన ఇళ్ళల్లో రెండు మూడు తరాలుగా అమల్లో ఉన్న విద్యుత్ భద్రతా నియమం ఒకటుంది. అది ఏ ప్రభుత్వమూ రాసింది కాదు. ఇంట్లోకి గ్రైండరొచ్చిన రోజున పుట్టి, ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ గీజర్‌కీ పాకింది. "అది కొద్దిగా షాక్ కొడుతుంది, చెప్పులేసుకుని ముట్టుకో." అమ్మ కూతురికి చెప్తుంది, అత్త కోడలికి చెప్తుంది, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు కొత్తగా దిగేవాళ్ళకి తాళంచెవులతో పాటు ఈ ముక్క కూడా చెప్పి వెళ్తారు.

దీన్ని మనం జాగ్రత్త అనుకుంటున్నాం. నిజానికి ఇదొక ఒప్పుకోలు. ఈ ఇంట్లో ప్లగ్ పాయింట్లకి ఎర్త్ లేదు, ఆ సంగతి మాకు తెలుసు, అయినా సరిచేయించం అని చెప్పడమే. సరిచేసే అవకాశం రాదా అంటే, వస్తుంది. స్విచ్ కాలిపోయో, సాకెట్ వదులైపోయో మార్చాల్సిన రోజు ప్రతి ఇంటికీ వస్తుంది. ఆ రోజు బోర్డు తెరుచుకుంటుంది. గోడలో ఏముందో కళ్ళకి కనపడుతుంది. అప్పుడు మనం చేసేదేమిటి? కొత్త ప్లేటు పక్క ప్లేట్లకి మ్యాచ్ అయిందా లేదా అని చూస్తాం, "చిన్న పనే కదా" అని బేరమాడతాం, బిగించేసి పంపించేస్తాం. నా గొడవంతా ఆ బిగింపు మీద.

*

ముందు ఆ వస్తువు గురించి నాలుగు మాటలు.

మనం రోజూ వాడే మూడు గుండ్రటి రంధ్రాల సాకెట్ బ్రిటిష్‌వాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళు 1947లోనే పలక పిన్నుల కొత్త ప్లగ్‌కి ప్రమాణం రాసుకుని మెల్లిగా దానికి మారిపోయారు. మనం గుండ్రటి పిన్నులతోనే ఉండిపోయాం. ఇప్పుడు దానికి మన ప్రమాణం ఐఎస్ 1293. చిన్నది 6 ఆంపియర్లు, మనం పవర్ ప్లగ్ అనే పెద్దది 16 ఆంపియర్లు. ఎదురుగా నిలబడి చూస్తే కుడి రంధ్రం ఫేజు, ఎడమది న్యూట్రల్, పైన లావుపాటిది ఎర్త్. పక్కనే స్విచ్. ఫేజు ముందు స్విచ్‌లోకి వెళ్ళాలి, అక్కణ్ణుంచి చిన్న లూపు తీగ మీదుగా సాకెట్ కుడి రంధ్రానికి చేరాలి. పొరపాటున న్యూట్రల్‌ని స్విచ్‌లోంచి తిప్పినా మిక్సీ తిరుగుతుంది, స్విచ్ ఆపితే ఆగుతుంది. కానీ ఆపాక కూడా సాకెట్లో ఫేజు బతికే ఉంటుంది. బయటికి ఏ తేడా తెలియదు.

ఎర్త్ సంగతీ అంతే, లేకపోయినా అన్నీ పనిచేస్తాయి. అందుకే అది లేదని ఎవరికీ బెంగ ఉండదు. ప్లగ్‌లో పై పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? ప్లగ్ పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు అది చివర వదలాలి. షట్టరున్న సాకెట్లలో కింది రెండు రంధ్రాల తలుపు తెరిచేది కూడా అదే. రెండు పిన్నుల ఛార్జర్ దూరకపోతే పెన్నుతోనో అగ్గిపుల్లతోనో పై రంధ్రంలో పొడుస్తామే, అప్పుడు మనం చేసే పని ఆ కాపలావాణ్ణి ఏమార్చడం. మూడో రంధ్రంతో మనలో చాలామందికి ఉన్న పరిచయం ఇంతే.

దాని అసలు పని వేరు. గ్రైండర్ లోపల ఫేజు తీగ ఒరుసుకుపోయి దాని ఇనప ఒంటికి తగిలిందనుకోండి. ఎర్త్ బాగుంటే కరెంటు ఆ దారిన పెద్దఎత్తున పరుగెడుతుంది, ఫ్యూజు పోతుంది, లేదా ఎంసీబీ పడిపోతుంది. ఏదో తేడా ఉందని ఇల్లంతటికీ తెలుస్తుంది. ఎర్త్ లేకపోతే ఏమీ జరగదు. ఒంటి మీద 230 వోల్టులు పెట్టుకుని గ్రైండర్ మామూలుగా తిరుగుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు వచ్చి ముట్టుకునేదాకా. ముట్టుకున్న మనిషే అప్పుడు ఆ ఇంటికి ఎర్త్ వైరు.

నమ్మకం కుదరకపోతే మీ ల్యాప్‌టాప్‌ని అడగండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని మెటల్ మూత మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జిల్లుమంటుంది కదా. రెండు పిన్నుల అడాప్టర్‌తో అది మామూలే. అడాప్టర్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే అతి చిన్న కరెంటది, ప్రమాదం కాదు. కానీ ఎర్త్‌ని కలిపే మూడు పిన్నుల తీగతో పెట్టినా అదే జిల్లుంటే అనుమానించాల్సింది ల్యాప్‌టాప్‌ని కాదు, గోడని. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే మనలో ఎందరో రోజూ ఆ సమాచారాన్ని అరచేత్తో అందుకుంటూ కూడా "భలే ఉందే ఇది" అనుకుని ఊరుకుంటున్నాం.

*

ఇప్పుడు చెప్పుల దగ్గరికొస్తాను. ఆ నియమంలో నాకు కనపడే దుర్మార్గం ఏమిటంటే, దాన్ని పాటించే వీలు అందరికీ లేదు.

మనం చెప్పులు గుమ్మం బయట విడుస్తాం. వంటింట్లోకి చెప్పులతో రానివ్వని ఇళ్ళు ఇప్పటికీ బోలెడు. కొందరు ఇంట్లో తిరగడానికి వేరే హవాయి చెప్పులు పెట్టుకుంటారు. అవి ఇంటివాళ్ళవి. పొద్దున్నే వచ్చి గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, మెషీన్లో బట్టలు వేసే ఆమె మాత్రం తన చెప్పులు లిఫ్టు పక్కనో మెట్ల మీదో విడిచి లోపలికొస్తుంది. తడి చేతులు, తడి నేల, వట్టి కాళ్ళు. ఇంట్లో ఉన్నవాళ్ళందరిలోకీ కరెంటుకి అనువైన దారి ఆమె ఒళ్ళే. మెషీన్‌ని ఎక్కువసార్లు ముట్టుకునేది కూడా ఆమే. ఆమెకి ఇంకో జత చెప్పులు కొని పెడతామా? పెట్టం. "జాగ్రత్తమ్మా, తడిచేత్తో ముట్టుకోకు" అంటాం. తడిచేత్తో చేసే పనికే ఆమెని పెట్టుకున్నామని ఆ క్షణాన గుర్తురాదు.

గుమ్మం దగ్గర చెప్పుల విషయంలో మనకున్న పట్టింపులన్నీ శుభ్రం కోసమే పుట్టలేదు. ఎవరు చెప్పులతో ఎంతదూరం రావచ్చో కులం తేల్చిన దేశం ఇది. ఊరి వీధిలోంచి వెళ్ళాలంటే చెప్పులు చేత పట్టుకుని నడవాల్సివచ్చిన మనుషుల జ్ఞాపకాలు మన దళిత సాహిత్యం నిండా ఉన్నాయి. అవి చదివి చలించిపోయినవాళ్ళమే మనం. అదే మనం, చెప్పులు విడిచి వచ్చిన మనిషిని ఎర్త్ లేని మెషీన్ ముందు నిలబెడుతున్నాం. రెండూ ఒకటే అనడం లేదు. రెండోదాన్ని మార్చడం మన చేతిలో ఉంది, ఒక స్క్రూడ్రైవరంత దూరంలో ఉంది, అయినా మార్చం అంటున్నాను.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే ప్రమాద మరణాల నివేదికల్లో విద్యుదాఘాతానికి ఒక వరస ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ వరసలో ఏటా పది వేలకు పైగా మనుషులున్నారు. పొలాల్లో మోటార్ల దగ్గర, తెగిపడ్డ లైన్ల కింద, ఇళ్ళల్లో, అందరూ కలిపి. రైతులకి ఈ విషయంలో మనకంటే ఎక్కువ తెలుసు. ఎండాకాలం మోటారు దగ్గరి ఎర్త్ గుంట ఎండిపోతే అందులో బిందెడు నీళ్ళు పోయాలని ఊళ్ళో ఏ రైతునడిగినా చెప్తాడు. ఆ గుంటలో బొగ్గూ ఉప్పూ ఎందుకేస్తారో కూడా చెప్తాడు. అపార్ట్‌మెంట్లలో ఉండే మనకి, మన బిల్డింగు ఎర్త్ గుంట ఎక్కడుందో తెలుసా? అసలుందో లేదో?

*

కిందటేడు నేను అద్దెకుంటున్న ఫ్లాట్లో వంటింటి పవర్ ప్లగ్ కాలిపోయింది. ఇండక్షన్ స్టవ్ పెట్టే పాయింటు. ప్లేటు మీద గోధుమరంగు మచ్చ, ప్లాస్టిక్ కాలిన వాసన. కారణం పెద్ద వింతేమీ కాదు. సాకెట్ వెనక తీగని బిగించే స్క్రూ వదులైంది. 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. వదులైన చోట అర ఓము నిరోధం ఏర్పడినా చాలు, అక్కడ సుమారు 38 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది దొరుకుతుంది. అంటే అంతకంటే వేడైనదాన్ని గోడలో పాతిపెట్టి దాని ముందు అన్నం వండుకుంటున్నట్టు.

ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లేటు విప్పాడు. ఎర్రదీ నల్లదీ మాడి ఉన్నాయి. పచ్చ తీగ మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. కొస కూడా చెక్కలేదు. డబ్బాలో ఒక మూలకి మడిచిపెట్టి ఉంది. ఇల్లు కట్టినప్పుడు పైపులోంచి లాగారు, కలపడం మానేశారు. డిస్ట్రిబ్యూషన్ బాక్సు తెరిచి చూస్తే అక్కడా అంతే, పచ్చ తీగలన్నీ జడలా చుట్టి ఓ పక్కకి తోసేశారు. మీటర్ల దగ్గర నుంచి వచ్చిన ఎర్త్ తీగ వాటికి జానెడు దూరంలో ఉంది.

"కలపలేదేంటి?" అనడిగితే అతను నవ్వాడు. "స్విచ్ మార్చనీకి పిలుస్తరు. ఎర్త్ ఉందా అని అడిగేటోళ్ళే లేరన్నా. అడిగితే ఇస్తం."

ఆ మాటలో అతనికున్నంత న్యాయం మనకి లేదు. స్విచ్-సాకెట్ మార్చడానికి మనం మాట్లాడుకునే డబ్బు అరగంట పనికి. ఎర్త్ ఎక్కడ తెగిందో వెతికి కలపడానికి అర పూట పడుతుంది. అర పూట కూలి ఇవ్వని మనం, అర పూట పని చెయ్యలేదని అతన్ని నిందించడం ఎట్లా? నాకా ఇంట్లో అన్ని పాయింట్లూ కలిపించడానికి ఆ రోజు మధ్యాహ్నం దాటింది. ఆ డబ్బు అద్దెలో తగ్గించుకుంటానని ఓనర్‌కి ఫోన్ చేస్తే, "ఇన్నేళ్ళ నుంచీ ఎవరికీ ఏమీ కాలేదండీ, మీకే ఎందుకొచ్చింది?" అన్నారు. నెల రోజులు వాదించాక సగం ఒప్పుకున్నారు.

"చిన్న పనే కదా" అనే మాటని నేను అసహ్యించుకోవడం అప్పట్నుంచి ఇంకా ఎక్కువైంది. ఆ మాట పనిని కొలవదు, చేసే మనిషిని తగ్గిస్తుంది. తెలుగులో మనం చిన్న పని అని దేన్నంటామో జాబితా రాసి చూడండి. కుళాయి, డ్రైనేజీ, చెప్పు కుట్టడం, స్విచ్ మార్చడం. ఆగిపోతే ఇల్లు ఆగిపోయే పనులన్నీ అందులోనే ఉంటాయి. అనువాదంలో ఒక క్రియ తప్పు పడితే పేజీలకి పేజీలు చర్చించే మనం, తీగ తప్పు పడితే "వాళ్ళే చూసుకుంటారు" అంటాం.

*

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు.

ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదా అంటారు. కాలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళూ లోపలి తీగ ఇన్సులేషన్ నిలబడింది. ఎర్త్ ఉన్నది ఆ ఒక్క తీగా నిలబడని రోజు కోసం.

ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ కాపాడేది తీగని, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. ఆంపియర్లో పదో వంతు కూడా ప్రాణం తీయగలదు. అంత చిన్నది దానికి కనపడదు.

ఆర్‌సీసీబీ పెట్టిస్తే సరిపోతుందిగా అంటారు. తప్పకుండా పెట్టించండి. 30 మిల్లీఆంపియర్లది, ఫేజులో వెళ్ళినదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ సరిపోల్చుకుని, తేడా వస్తే పడిపోతుంది. అయితే ఎర్త్ ఉన్న ఇంట్లో అది మెషీన్ పాడైన క్షణానే పడిపోతుంది. ఎర్త్ లేని ఇంట్లో ఎవరో ముట్టుకున్నాక పడిపోతుంది. ఆ ముట్టుకునేది ఎవరు కావాలో మీరే చెప్పండి.

ఇంకొందరు తెలివైనవాళ్ళు ఎర్త్ లేకపోతే సాకెట్లోనే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న ముక్క వేసేద్దాం అంటారు. టెస్ట్ బల్బు వెలుగుతుంది, అందరూ సంతోషిస్తారు. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున ఫేజు ఆ ముక్క మీదుగా నేరుగా ఫ్రిజ్ ఒంటి మీదికొచ్చి కూర్చుంటుంది. ఎర్త్ లేకపోవడం కంటే ఈ దొంగ ఎర్త్ ఘోరం.

*

అయితే ఈ పని మనమే చేసుకోవాలా? ఈ మధ్య మన కుర్రకారులో స్క్రూడ్రైవర్‌ని ధ్యానంగా మార్చేసే ధోరణి ఒకటి కనిపిస్తోంది. ఆదివారం పూట స్విచ్ మార్చి, ఫోటో పెట్టి, చేతులతో పనిచేయడంలోని ఆనందం గురించి నాలుగు పేరాలు. నాకది రుచించదు. మన ఆనందం కోసం ఆ పని పుట్టలేదు.

చట్టం ఏం చెప్తుందో చూస్తే తెలివిగానే ఉంది. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనూ, వాటి తర్వాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఒక మాట ఉంది. వైరింగ్ పనులు లైసెన్సున్న కాంట్రాక్టర్ చేతే చేయించాలి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌ల వంటివి మార్చడానికి మాత్రం మినహాయింపు. అయితే ఆ మార్పు వల్ల ఇన్‌స్టలేషన్ సామర్థ్యం గానీ స్వభావం గానీ మారకూడదు. అంటే ఉన్నచోట ఉన్నలాంటిదే పెడితే అది మీ పని. 6 ఆంపియర్ల పాయింటు తీసి, వెనకున్న సన్న తీగ అలాగే ఉంచి, 16 ఆంపియర్లది పెట్టి గీజర్ తగిలిస్తే అది మీ పని కాదు, ఎవరి పనీ కాదు. మొహం మార్చి పేరు పెంచినంత మాత్రాన తీగ లావెక్కదు.

మార్చుకునేవాళ్ళు చెయ్యాల్సింది కూడా తెలిసి ఉండాలి. మెయిన్ ఆపడం మన ఇళ్ళల్లో సరిపోదు, ఇన్వర్టర్ ఉంటుంది. మెయిన్ ఆపాక కూడా కొన్ని పాయింట్లకి అది కరెంటిస్తూనే ఉంటుంది. రెండూ ఆపాలి. నియాన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని కాదు, టెస్టరే పాడై ఉండొచ్చు. అందుకే పాత ఎలక్ట్రీషియన్లు హోల్డర్‌కి రెండు తీగలు కట్టిన టెస్ట్ బల్బుని ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత పని చేయాల్సిన చోట చూసి, మళ్ళీ కరెంటున్న చోట చూస్తారు. తీగ బిగించాక ఒకసారి లాగి చూస్తారు. ఇదంతా భయపడేవాళ్ళ పద్ధతి కాదు, తెలిసినవాళ్ళ పద్ధతి. ఇది చెయ్యగలిగితే మీరే చేసుకోండి. లేకపోతే చేసేవాళ్ళని పిలవండి. రెండింటిలో ఏదైనా గౌరవమే. తెలియకపోవడం నేరం కాదు, అడక్కుండా మూత వేయించడమే నాకు అభ్యంతరం.

*

చివరగా మన రాతల గురించి. మన కవిత్వంలో విద్యుత్తుకి లోటు లేదు. చూపుల్లో విద్యుత్తు, జనసమూహాల్లో విద్యుత్తు, వాక్యాల్లో విద్యుత్తు. కథ బాగుంటే "షాకిచ్చింది" అంటాం, బాగుందనడానికి అంతకంటే మంచి మాట లేనట్టు. ఇంటి పనికొచ్చే ఆమె మీద కూడా మనకి మంచి కథలే ఉన్నాయి. ఆమె కన్నీళ్ళు, ఆమె ఆత్మగౌరవం, ఆమె మీద మన అపరాధభావం, అన్నీ రాశాం. ఆమె కాలి కింద నేల తడిగా ఉందని, ఆమె చెయ్యి పెట్టిన మెషీన్‌కి మూడో తీగ లేదని రాసింది నేను పెద్దగా చూడలేదు. రాయకపోతే పోనీ. కథలో సానుభూతి కంటే గోడలో పచ్చ తీగ ఆమెకి ఎక్కువ పనికొస్తుంది.

కాబట్టి అడుగుతున్నది ఇంతే. ఇల్లు అద్దెకు చూసుకునేటప్పుడు నీళ్ళొస్తాయా, పార్కింగుందా అని అడిగినట్టే ఎర్త్ ఉందా అని అడగండి. అగ్రిమెంట్లో ఒక వాక్యం రాయించండి. స్విచ్-సాకెట్ మార్చడానికి ఎవరొచ్చినా, ప్లేటు బిగించేముందు, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూపించమనండి. వెనక న్యూట్రల్‌కి కలిపిన దొంగ ముక్క లేదని మీ కళ్ళతో చూడండి. బల్బు మసగ్గా వెలిగితే ఎర్త్ బలహీనంగా ఉన్నట్టు. బల్బు పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోతే మంచిదే, అది బతికే ఉందన్నమాట. అసలేమీ వెలగకపోతే ప్లేటు బిగించనివ్వకండి. అర పూట పడుతుందంటే అర పూట కూలి ఇవ్వండి.

అది అయ్యేదాకా, చెప్పులేసుకుని ముట్టుకో అని ఎవరికీ చెప్పకండి. ఆ మెషీన్ ప్లగ్ పీకి పక్కన పెట్టండి.